హవాయి తిండి గురించి బయటివాళ్లం రాయాలంటే: మొదటి ముద్ద నుంచి చివరి దిద్దుబాటు దాకా

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకి హవాయి ఇప్పుడు మామూలు సెలవుల ప్రయాణమే. తిరిగొచ్చాక ఒక వ్లాగో, ఫేస్‌బుక్ పోస్టో, పత్రికకి యాత్రా వ్యాసమో తయారవుతుంది. అందులో తిండి దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా రెండే పాటలు వినిపిస్తాయి. ఒకటి 'భూతల స్వర్గంలో పసందైన విందు'. రెండోది 'పోయ్ అని ఊదారంగు బంక ఒకటి పెట్టారు, బాబోయ్'. ఒకటి పొగడ్త, ఇంకోటి వెటకారం. వండిందెవరు, ఆ దుంప ఎక్కడ పండింది, ఆ సముద్రంలో దొరకని సాల్మన్ చేప ఆ పళ్లెంలోకి ఎలా వచ్చింది, ఇవేవీ రెండింట్లోనూ ఉండవు.

అంతకన్నా బాగా రాయాలనుకునేవాళ్ల కోసం ఈ మార్గదర్శి. పొగిడితే మర్యాద, బాగాలేదంటే అమర్యాద అన్న లెక్క నాకు నచ్చదు. ఏం తిన్నాం, ఎవరు వండారు, అసలది ఎవరి వంట అన్నది తప్పుల్లేకుండా, వివరంగా రాయాలి. బయటివాళ్ల నుంచి అక్కడివాళ్లు కోరుకోగలిగింది అదే. అది ఎలా చెయ్యాలో ఒక్కో అడుగూ చూద్దాం.

మొదటి అడుగు: మీ పళ్లెంలో ఉన్నది ఏ వంటో తేల్చుకోండి

'హవాయి వంట' అని ఒక్క మాటలో చెప్పేసేదాంట్లో కనీసం నాలుగు రకాలు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయకుండా పెన్ను పట్టుకుంటే మొదటి పేరాలోనే తప్పులు మొదలవుతాయి.

మొదటిది మూలవాసుల వంట. కలో అనే దుంపని ఉడికించి దంచి చేసే పోయ్, నేలలో తవ్విన ఇము అనే పొయ్యిలో కాల్చిన రాళ్ల మధ్య మగ్గబెట్టిన పంది మాంసం, కలో ఆకుల్లో మాంసమూ చేపా పెట్టి పైన 'టీ' అనే మొక్క ఆకు (తేయాకు కాదు) చుట్టి ఆవిరి మీద ఉడికించే లౌలౌ, ఉప్పూ సముద్రపు నాచూ కలిపిన పచ్చి చేప ముక్కలు (పోకె), ఉలు అనే సీమపనస, చిలగడదుంప, కొబ్బరిపాలతో చేసే హౌపియా, కూలోలో. హోనలూలూలో 'హవాయియన్ ఫుడ్' అని బోర్డు పెట్టిన హోటల్‌కి వెళ్తే దొరికేది ఎక్కువగా ఇదే.

రెండోది 'లోకల్ ఫుడ్'. ఇది చెరకు, అనాస తోటలకి కూలీలుగా వచ్చిన చైనా, జపాన్, పోర్చుగల్, ప్యుయెర్టో రికో, కొరియా, ఫిలిప్పీన్స్ జనాల వంటల నుంచి పుట్టింది. రెండు గరిటెల అన్నం, మయోనైజ్ కలిపిన మాకరోనీ సలాడ్, పక్కన ఏదో ఒక మాంసం ఉండే ప్లేట్ లంచ్, స్పామ్ ముసుబి (అన్నం ముద్ద మీద స్పామ్ అనే డబ్బా మాంసం ముక్క పెట్టి నాచు చుట్టింది), సైమిన్ నూడుల్స్, మలసాదా అనే పోర్చుగీస్ తీపి బూరె, మనాపువా అనే చైనా తరహా కూరిన బన్ను, లోకో మోకో అన్నీ ఈ గుంపులోవే. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు వారంలో ఎక్కువ రోజులు తినేది ఇదే. దీన్ని తక్కువ చేసి చూడక్కర్లేదు. అలాగని 'హవాయి మూలవాసుల ప్రాచీన వంటకం స్పామ్ ముసుబి' అని మాత్రం రాయకూడదు.

మూడోది పెద్ద రెస్టారెంట్ల వంట. 1991లో రాయ్ యమగూచి, అలన్ వాంగ్, శామ్ చాయ్ లాంటి 12 మంది షెఫ్‌లు కలిసి, హోటళ్లలో దిగుమతి సరుకుతో వండే యూరప్ తరహా భోజనం బదులు దీవుల్లో పండేవాటితో వండుదామని మొదలుపెట్టిన ఒరవడి ఇది.

నాలుగోదానికి హవాయితో ఉన్న చుట్టరికం పేరు వరకే. అనాస ముక్కల 'హవాయియన్ పిజ్జా' 1962లో కెనడాలోని చాటమ్‌లో పుట్టింది. చేసినాయన గ్రీస్ నుంచి వలస వచ్చిన శామ్ పానోపులోస్. 'హవాయియన్ పంచ్' అనే డ్రింకు 1930లలో కాలిఫోర్నియాలో తయారైంది. ఏ కూరలోనైనా అనాస పడితే 'హవాయియన్ స్టైల్' అని రాయడం మన ఫుడ్ పేజీల్లోనూ ఉంది. ఆ అలవాటు మానుకుంటే సగం పని అయినట్టే.

అయితే ఈ గీతలు గోడల్లాంటివని అనుకోకండి. లోమి సాల్మన్ సంగతి చూడండి. ఉప్పు పట్టించిన సాల్మన్‌ని టమాటా, ఉల్లిపాయలతో చేత్తో నలిపి చేస్తారు. సాల్మన్ హవాయి సముద్రంలో దొరకదు. 19వ శతాబ్దంలో అమెరికా వాయవ్య తీరం నుంచి పీపాల్లో వచ్చింది. టమాటా, ఉల్లిపాయా కూడా బయటి నుంచి వచ్చినవే. అయినా పోయ్ పక్కన లోమి సాల్మన్ లేకపోతే అది హవాయి భోజనం కాదంటారు అక్కడివాళ్లు. 'చికెన్ లాంగ్ రైస్' చైనా సేమ్యాతో చేసేదే, అదీ అదే పళ్లెంలో ఉంటుంది. ఏది తమదో వాళ్లే చెబుతారు. 'ఇది అసలైనది కాదు' అని తీర్పు చెప్పే పని బయటివాళ్లది కాదు.

రెండో అడుగు: 'హవాయి వాళ్లు' అనే మాటని జాగ్రత్తగా వాడండి

తెలుగులో గుంటూరులో పుట్టినా, వలస వచ్చి స్థిరపడినా 'గుంటూరు వాళ్లు' అంటాం. హవాయిలో ఆ లెక్క కుదరదు. 'హవాయియన్' అంటే అక్కడ మూలవాసుల రక్తసంబంధం ఉన్నవాళ్లనే అర్థం. నాలుగు తరాలుగా హోనలూలూలో ఉంటున్న జపనీస్ కుటుంబం తమని 'లోకల్' అంటారు తప్ప 'హవాయియన్' అనుకోరు. కాబట్టి మూలవాసుల గురించి రాసేటప్పుడు 'హవాయి మూలవాసులు' అనండి, లేదా వాళ్లు తమకి పెట్టుకున్న పేరు 'కానక మావొలి' వాడండి. మిగతా అందరికీ 'హవాయిలో ఉండేవాళ్లు' చాలు.

దీనివల్ల వాక్యాలు కాస్త పొడుగవుతాయి, అవనివ్వండి. వైపాహులో 1947లో మొదలై ఇప్పటికీ లౌలౌ, పోయ్ వడ్డిస్తున్న 'హైవే ఇన్' హోటల్ పెట్టింది ఒకినావా మూలాలున్న జపనీస్ అమెరికన్ కుటుంబం. వంట ఒకరిది, హోటల్ ఇంకొకరిది. రెండూ రాస్తేనే పాఠకుడికి అసలు సంగతి తెలుస్తుంది.

ఇంకొకటి. 2020 జనాభా లెక్కల ప్రకారం హవాయి మూలవాసుల్లో సగానికి పైగా హవాయి బయట, అమెరికా ప్రధాన భూభాగంలో ఉంటున్నారు. దీవుల్లో ఇళ్ల ధరలు భరించలేక వెళ్లినవాళ్లు వాళ్లలో చాలామంది. లాస్ వేగస్‌ని 'తొమ్మిదో దీవి' అనేది అందుకే. కాబట్టి 'దీవుల్లో తిన్నదే అసలు, బయట దొరికేది నకిలీ' అని రాసేముందు ఆ బయటి కొట్టు ఎవరిదో కనుక్కోండి.

మూడో అడుగు: తిండితో ముడిపడిన చరిత్ర చదవండి

రాజుల పేర్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. పళ్లెంలోకి నేరుగా వచ్చే ఘట్టాలు కొన్ని తెలిస్తే చాలు.

1819 దాకా ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి తినకూడదన్న కట్టుబాటు ఉండేది. పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపళ్లు ఆడవాళ్లకి నిషేధం. ఆ ఏడాది రెండో కమేహమేహా రాజు రాణులతో కలిసి భోజనానికి కూర్చోవడంతో ఆ వ్యవస్థ కూలింది. ఆ పంక్తి వెనక ఇద్దరు రాణులున్నారు, కఅహుమను, కెఓపూఓలని. ఒక్క భోజనంతో ఒక దేశపు మతవ్యవస్థ మారిన సందర్భాలు చరిత్రలో ఎన్ని ఉంటాయి? తిండి గురించి రాసేవాళ్లు దీన్ని వదిలేసి 'హులా నృత్యం చూస్తూ భోంచేశాం' అని రాయడం నాకు వింతగా అనిపిస్తుంది.

1835లో కవాయి దీవిలోని కొలోవాలో పెద్ద చెరకు తోట మొదలైంది. తర్వాత దేశదేశాల నుంచి కూలీలు: 1852లో చైనా నుంచి, 1885 నుంచి జపాన్ ప్రభుత్వంతో ఒప్పందం మీద, 1906 నుంచి ఫిలిప్పీన్స్ నుంచి. ఇక్కడ ఒక అందమైన కథ ఎదురవుతుంది. కూలీలంతా మధ్యాహ్నం క్యారియర్లు విప్పి ఒకరికొకరు పంచుకున్నారు, అలా ప్లేట్ లంచ్ పుట్టింది, అందుకే హవాయి అందరూ కలిసిమెలిసి బతికే నేల అని. పంచుకున్న మాట అబద్ధం కాదు. కానీ ఏ దేశం వాళ్లకి ఆ క్యాంపు వేరుగా ఉండేదనీ, జాతిని బట్టి కూలి మారేదనీ, 1909లో జపనీస్ కూలీలు, 1920లో జపనీస్, ఫిలిపినో కూలీలు కలిసి సమ్మె చేశారనీ, 1924లో హనపేపేలో కాల్పుల్లో 16 మంది ఫిలిపినో కూలీలు, నలుగురు పోలీసులు చనిపోయారనీ ఆ కథలో ఉండదు. ప్లేట్ లంచ్ గురించి వెయ్యి పదాలు రాస్తే అందులో యాభై వీటికి ఇవ్వచ్చు.

అనాస దక్షిణ అమెరికా పంట. 1893 జనవరిలో తోటల యజమానులూ వ్యాపారులూ అమెరికా నౌకాదళ సైనికుల అండతో లిలిఉఓకలని రాణిని గద్దె దించారు. ఆ తర్వాత ఏర్పడ్డ రిపబ్లిక్‌కి అధ్యక్షుడు శాన్‌ఫర్డ్ డోల్. 1898లో అమెరికా హవాయిని కలిపేసుకుంది. 1901లో అనాస కంపెనీ పెట్టిన జేమ్స్ డోల్ ఆ అధ్యక్షుడికి బంధువే. 1922లో ఆ కంపెనీ లానాయి దీవిని దాదాపు మొత్తంగా కొనేసింది. రాణిని దించినందుకు అమెరికా కాంగ్రెస్ 1993లో తీర్మానం చేసి క్షమాపణ చెప్పింది. అనాసపండు ఫోటోని హవాయి గుర్తుగా కవర్ మీద పెట్టాలని అనిపించినప్పుడు ఇవి గుర్తుంటే వేరే ఫోటో వెతుక్కుంటారు.

ఇక నీళ్లు. నా ఉద్దేశంలో హవాయి తిండి కథలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, ఎవరూ రాయనిదీ ఇదే. కలోని లోఇ అనే మళ్లలో పండిస్తారు. ఆ మడిలోకి చల్లటి నీళ్లు ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి పోతూ ఉండాలి. నీళ్లు నిలిచి వేడెక్కితే దుంప కుళ్లిపోతుంది. చెరకు కంపెనీలు వానలు పడే వైపు కొండల నుంచి పొడి నేలల వైపు నీళ్లు మళ్లించడంతో వాగుల కింద ఉన్న కలో మళ్లు ఎండిపోయాయి. చెరకు పోయాక కూడా నీళ్లు తిరిగి రాలేదు, కోర్టుల్లో పోరాడాల్సి వచ్చింది. ఒవాహు దీవిలోని వాయాహోలే కాలువ కేసులో 2000లో హవాయి సుప్రీంకోర్టు నీళ్లు ప్రజల ఉమ్మడి ఆస్తి అన్న సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. గోదావరి, కృష్ణా ఆయకట్టుల్లో పెరిగిన మనకి కాలువ చివరి రైతు బాధ వేరే చెప్పక్కర్లేదు. పోయ్ ధర ఎక్కువని విసుక్కునే వాక్యం రాయబోతే ముందు ఈ పేరా రాయండి.

నాలుగో అడుగు: తినేటప్పుడు తొందరపడకండి

పోయ్‌నే తీసుకుందాం, ఎక్కువ అన్యాయం జరిగింది దానికే కాబట్టి. కలో మనకి కొత్తదేం కాదు, చామ దుంప జాతే. పచ్చిది తగిలితే చేతులు దురద పెడతాయని మన ఇళ్లలో అందరికీ తెలుసు. అక్కడా అంతే, అందుకే గంటలకొద్దీ ఉడికిస్తారు. తొక్క గీసి, చెక్క పలక మీద పెట్టి రాతి రోకలితో దంచుతారు. నీళ్లు కలపక ముందు గట్టిగా ఉండే ముద్ద పఇ అయి. అది కొన్నాళ్లు నిలవ ఉంటుంది. దానికి కొంచెం కొంచెంగా నీళ్లు పోసి కలిపితే పోయ్. ఎంత పలచన అన్నదాన్ని ఒక వేలు, రెండు వేళ్లు, మూడు వేళ్ల పోయ్ అంటారు, తినడానికి ఎన్ని వేళ్లు కావాలో అన్ని. బూడిద కలిసిన ఊదా రంగు, పైన సన్నటి మెరుపు. చేసిన రోజు కమ్మగా, కాస్త తియ్యగా ఉంటుంది. ఒకట్రెండు రోజులకి పులుపెక్కుతుంది. ఆ పులుపు కోసమే ఆగేవాళ్లూ ఉన్నారు.

విడిగా ఒక చెంచాడు నోట్లో వేసుకుని 'చప్పగా ఉంది' అనడం టూరిస్టులు నూరేళ్లుగా చేస్తున్న పని. పోస్టర్లు అంటించే బంకతో పోల్చడం కూడా అంతే పాతది, రాస్తే అందులో కొత్త జోకేమీ ఉండదు. రాగి సంకటిని పులుసు లేకుండా ఉట్టిగా ఒక ముద్ద తిని 'రుచీ పచీ లేదు' అని ఎవరైనా రాస్తే రాయలసీమ వాళ్లు ఊరుకుంటారా? పోయ్‌ని ఉప్పగా ఉండే పంది మాంసంతోనో లోమి సాల్మన్‌తోనో పచ్చి ఉల్లిపాయతోనో నంజుకుంటారు. అలా తినండి. వీలైతే తాజాదీ పులిసిందీ రెండూ అడిగి తినండి. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదని రాయండి. ఏది నచ్చలేదో చెప్పండి: పులుపా, జిగురా, చల్లగా ఉండటమా. అలా రాస్తే ఎవరూ తప్పు పట్టరు.

పోయ్ గిన్నె మూత తీసి ఉండగా గొడవ పడకూడదన్నది పాత మర్యాద. దానికి కారణం ఉంది. ఆకాశ పితకి పుట్టిన మొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడనీ, పాతిపెట్టిన చోట కలో మొలిచిందనీ, తర్వాత పుట్టిన తమ్ముడు హాలోఅ నుంచి మనుషులు వచ్చారనీ వాళ్లు చెప్పుకుంటారు. అంటే కలో వాళ్లకి అన్నగారు. దీన్ని 'వింత నమ్మకం' అన్న శీర్షిక కింద పెట్టకండి, వాళ్లకిది వంశవృక్షం. హవాయి యూనివర్సిటీ 2002లో మూడు కలో రకాల మీద పేటెంట్లు తీసుకుంటే, అన్నగారి మీద హక్కులేమిటని రైతులూ విద్యార్థులూ ఆందోళన చేశారు. 2006లో యూనివర్సిటీ ఆ పేటెంట్లు వదులుకుంది.

టికెట్టు కొని వెళ్లే హోటల్ లూఅవుల (విందుల) గురించి ఒక్క మాట. వెళ్లండి, తప్పేం లేదు. అది టూరిస్టుల కోసం నడిపే కార్యక్రమమని మాత్రం రాయండి. రెస్టారెంట్లలో దొరికే పంది మాంసం చాలాచోట్ల ఇములో కాకుండా ఓవెన్‌లో పొగ ఎసెన్స్ వేసి వండింది. అదీ రుచిగానే ఉండచ్చు. 'నేలలో వండింది' అని రాయాలంటే ఆ ముక్క ఎవరినైనా అడిగి తెలుసుకుని ఉండాలి.

ఐదో అడుగు: శాకాహారులైతే ఆ సంగతి మొదటే చెప్పండి

మనవాళ్లలో చాలామందికి పంది, గొడ్డు మాంసం పనికిరావు, కొందరికి ఏ మాంసమూ పనికిరాదు. లౌలౌ తినకుండా లౌలౌ రుచి గురించి రాయడం మోసం. 'నేను తినలేదు, మా పక్కన కూర్చున్నాయన ఇలా చెప్పారు' అనచ్చు. తినగలిగేవి తక్కువేం కాదు: పోయ్‌లో కలో, నీళ్లు తప్ప ఏమీ ఉండవు, హౌపియా కొబ్బరిపాలు, కూలోలో కలోనీ కొబ్బరినీ కలిపి చేసిన తీపి, ఉడికించిన చిలగడదుంప, ఉలు. మాకరోనీ సలాడ్ మయోనైజ్‌లో గుడ్డు ఉంటుంది. లోకో మోకో అంటే అన్నం మీద గొడ్డు మాంసం ప్యాటీ, గుడ్డు, గ్రేవీ. వెజ్ పాఠకులకి ఈ వివరాలే పనికొస్తాయి, 'మాకేమీ దొరకలేదు, మ్యాగీ వండుకున్నాం' అన్నది ఎవరికీ పనికిరాదు.

ఆరో అడుగు: అడగండి, కొన్ని చోట్ల ఆగండి

రద్దీ లేని వేళ చూసుకుని అడగండి. 'ఇందులో సీక్రెట్ ఏంటి?' అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పరు. 'ఈ పోయ్ ఎక్కడి కలోతో చేశారు?', 'ఈ చేప ఈ రోజు వచ్చిందా, ఫ్రీజ్ చేసిందా?', 'మీ ఇంట్లో ఇది ఎప్పుడు వండుతారు?' లాంటివాటికి చెబుతారు. పేరు వాడచ్చా అని అడగండి. ఫోటో తీసేముందు అడగండి, లోఇలోకి దిగేముందు ఇంకా గట్టిగా అడగండి, అది ఒకరి పొలం.

కొన్ని చోట్ల లొకేషన్ పెట్టకూడదు. ఓపిహి అనే చిన్న నత్తల్ని అలలు కొట్టే రాళ్ల మీద నుంచి ఏరతారు. ఏరబోయి అలకి కొట్టుకుపోయిన వాళ్లున్నారు కాబట్టి దాన్ని చావు తెచ్చే చేప అని పాత సామెతలో అంటారు. లిము, అంటే తినే నాచు, దొరికే చోట్లని కుటుంబాలు బయటికి చెప్పవు. మీ వీడియోకి లక్ష వ్యూస్ వస్తే ఆ చోటు ఏమవుతుందో ఆలోచించండి. కవాయిలోని హనపేపే ఉప్పుమళ్ల సంగతీ ఇలాంటిదే. ఎర్రమట్టి కలిసిన ఆ ఉప్పుని తరాలుగా కొన్ని కుటుంబాలు తీస్తున్నాయి. దాన్ని అమ్మరు, ఇస్తారు లేదా ఇచ్చిపుచ్చుకుంటారు. కాబట్టి షాపులో కొన్న ఎర్ర ఉప్పు ప్యాకెట్ ఫోటో పెట్టి 'హనపేపే ఉప్పు' అని రాయకండి.

ఏడో అడుగు: పేర్లు సరిగ్గా రాయండి

ఇందులో తెలుగు లిపికి ఒక సదుపాయం ఉంది. హవాయి భాషలో ఐదు అచ్చులు, వాటికి దీర్ఘాలు. హ్రస్వమా దీర్ఘమా అన్నది రోమన్ లిపిలో అక్షరం మీద గీతతో చూపిస్తారు, మనకి గుణింతంలోనే ఉంది. ఇంకో గుర్తు కామాలా ఉంటుంది, అక్కడ గొంతు క్షణం ఆగాలి. అలాంటి చోట అచ్చుని విడిగా రాస్తే సరిపోతుంది: లోఇ, లూఅవు. ఇములో వండిన పంది మాంసం పేరు కాలుఅ. దాన్ని 'కలువా' అని రాస్తే పువ్వు, 'కాలువ' అని రాస్తే ఇంకేదో, రెండూ వద్దు. ఒవాహు, మావి లాంటి పేపర్లలో స్థిరపడ్డ దీవుల పేర్లని మాత్రం కదపకండి, పాఠకుడు తడబడతాడు.

అనుమానం వస్తే మేరీ కవెన పుకుయి, శామ్యూల్ ఎల్బర్ట్ 1957లో తెచ్చిన హవాయి నిఘంటువు ఉంది, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడచ్చు. 1834 నుంచి 1948 దాకా వచ్చిన హవాయి భాషా పత్రికలు కూడా డిజిటల్‌గా దొరుకుతాయి. 1896లో బడుల్లో హవాయి భాషలో బోధన ఆపేసిన తర్వాత కూడా ఆ పత్రికలు నడిచాయన్నది గుర్తుంచుకుంటే, పేరు తప్పు రాయడం ఎందుకు నొప్పి కలిగిస్తుందో తెలుస్తుంది.

ప్రతి పేరాకీ ఒక 'అలోహా' (వాళ్ల పలకరింపు మాట) చల్లడం, అక్కడివాళ్ల పిడ్జిన్ అనే కలగలుపు ఇంగ్లీషుని అనుకరించడం, ఈ రెండూ వదిలేయండి.

ఎనిమిదో అడుగు: రాసిందాన్ని ఒక్కో వాక్యం పట్టి చూడండి

ఇలాంటి పేరా మనం తరచూ చూస్తాం, ఉదాహరణకి నేనే రాస్తున్నాను:

'హవాయి ప్రజల ప్రాచీన వంటకం పోకె బౌల్. సుషీని గిన్నెలో వేసినట్టుంటుంది. మామిడి, మొక్కజొన్న, అవకాడో, స్పైసీ మయో వేసిన ఈ హెల్దీ వంటకాన్ని అమాయకులైన దీవుల జనం తరతరాలుగా తింటున్నారు.'

'ప్రాచీన' అన్నాక వచ్చే మయో ఎక్కడిది? మామిడి, మొక్కజొన్న కలిపే బౌల్ 2010ల్లో అమెరికా నగరాల్లో వ్యాపించిన ఫ్యాషన్. సుషీతో పోలిక ఎందుకు, పోకెని పోకెగా చెప్పలేమా? 'అమాయకులైన' అన్నది గిరిజనుల గురించి రాసేటప్పుడు మనకున్న పాడు అలవాటు. ఒక రాజ్యం, రాజ్యాంగం, పదుల కొద్దీ పత్రికలు నడిపిన జనం గురించి రాస్తున్నాం. అదే పేరాని ఇలా మార్చచ్చు:

'హోనలూలూలో ఒక సూపర్‌మార్కెట్ చేపల కౌంటర్‌లో పోకె తూకానికి అమ్ముతారు. అర పౌండు ఆహి, అంటే ట్యూనా, తీసుకున్నాను. సోయా సాస్, నువ్వుల నూనె, ఉల్లిపాయ కలిపింది. ఈ రుచులు జపాన్ నుంచీ ఆసియాలోని మిగతా చోట్ల నుంచీ వచ్చినవాళ్లతో చేరాయి. పక్క ట్రేలో ఉప్పు, లిము, కాల్చి దంచిన కుకుయి గింజల పొడి మాత్రమే కలిపింది ఉంది. అది పాత పద్ధతి. నాకు రెండోదే నచ్చింది. నాచు పంటి కింద కరకరలాడింది, చివర్లో గింజల నూనె రుచి నిలిచింది. చేప ముందే ఫ్రీజ్ చేసిందని లేబుల్ మీద ఉంది.'

దీంట్లో గొప్ప మాటలేవీ లేవు. పాఠకుడు మాత్రం వెళ్లి అదే ట్రే ముందు నిలబడగలడు.

పుట్టుక గురించిన కథలకి 'అంటారు' అన్న మాట తగిలించండి. లోకో మోకో 1949 ప్రాంతంలో హిలోలో పుట్టిందంటారు, దాన్ని మేమే మొదలుపెట్టామనేవాళ్లు ఒకరికంటే ఎక్కువే ఉన్నారు. దీవులు తినేదాంట్లో 85 నుంచి 90 శాతం బయటి నుంచి వస్తుందనే లెక్క కూడా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాన్ని వాడితే 'తరచూ చెప్పే లెక్క' అని వాడండి.

తొమ్మిదో అడుగు: రెసిపీ ఇస్తే షరతులతో ఇవ్వండి

హౌపియా ఇంట్లో చెయ్యడం తేలిక. కొబ్బరిపాలు, పంచదార, మొక్కజొన్న పిండి కలిపి సన్నని సెగ మీద గరిట ఆపకుండా తిప్పి, చిక్కబడ్డాక పళ్లెంలో పోసి చల్లార్చి ముక్కలు కోస్తారు. పూర్వం పియా అనే దుంప పిండి వాడేవారని ఒక వాక్యం రాయండి. పోకె జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లండి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో మార్కెట్‌లో కొన్న చేపని పచ్చిగా తినమని చెప్పకండి, అది వండుకు తినడానికి అమ్మిన చేప. పరాన్నజీవులు చావాలంటే మన ఇంటి ఫ్రిజ్ పైఅర చాలదు. లిముకి బదులు ఏం వేశారో చెప్పి 'పోకె తరహాలో' అని పేరు పెట్టండి. మన చామ దుంపలతో చేసింది పోయ్ అవ్వదు. హవాయిలో ఒకప్పుడు 300కి పైగా పేర్లున్న కలో రకాలుండేవి, పోయ్‌కి పనికొచ్చేవాటిని వాళ్లు ఏరి పెంచుకున్నారు.

రెసిపీని సొంత బ్రాండ్‌గా మార్చే ఆలోచన ఉంటే 2018లో జరిగింది తెలుసుకోండి. షికాగోకి చెందిన ఒక పోకె హోటళ్ల కంపెనీ 'అలోహా పోకె' అన్న పేరు తమదేనంటూ మిగతా చిన్న కొట్లకి లాయర్ల నోటీసులు పంపింది. ఆ కొట్లలో హవాయి మూలవాసులు నడిపేవి కూడా ఉన్నాయి. అలోహా అన్న మాట వాడొద్దని మూలవాసులకే చెప్పడంతో పెద్ద గొడవైంది.

పదో అడుగు: వేసేముందు ఒకరికి చూపించండి, వేశాక దిద్దండి

అక్కడి మనిషి ఎవరైనా చదివితే మంచిది, చదివినందుకు డబ్బివ్వండి. స్నేహం కొద్దీ ఉచితంగా చదివి పెట్టమని అడగడం మన దగ్గర మామూలే కానీ ఇది వాళ్ల సమయం. ఒకరు సరేనన్నంత మాత్రాన 'హవాయి వాళ్లు ఒప్పుకున్నారు' అని రాయకండి. లౌలౌలో ఏ చేప వెయ్యాలన్నదానికే ఇద్దరు బామ్మలు రెండు మాటలు చెబుతారు.

సమయం కూడా చూసుకోండి. 2023 ఆగస్టు 8న మంటలు లహైనా పట్టణాన్ని కాల్చేశాయి, దాదాపు వంద మంది చనిపోయారు. ఆ తర్వాత వారాల్లో మావి బీచ్‌ల నుంచి విందు వీడియోలు పెట్టినవాళ్ల మీద అక్కడివాళ్లకి కోపం వచ్చింది. తోటల కోసం నీళ్లు మళ్లించక ముందు లహైనా సీమపనస చెట్ల నీడకి పేరుపడ్డ ఊరు. పాత వీడియోని మళ్లీ షేర్ చేసేటప్పుడు అందులో చూపించిన హోటల్ ఇంకా ఉందో లేదో కనుక్కోండి.

తప్పని ఎవరైనా చెబితే 'మా ఉద్దేశం అది కాదు' అని వాదనకి దిగకుండా ముందు చూడండి. వాళ్లు చెప్పింది నిజమైతే వాక్యం మార్చి, కింద తేదీ వేసి, ముందు ఏమని ఉండేదో, ఏమని మార్చారో రాయండి. చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు కూడా వెయ్యండి. వీడియో అయితే వివరణలో రాసి వదిలేయకుండా ఆ తప్పు వచ్చే నిమిషం దగ్గరే తెర మీద చూపించండి, వివరణ తెరిచి చదివేవాళ్లు తక్కువ.